ఫార్మా ల్యాబ్‌లో ఏడాది ప్లేస్‌మెంట్: సొల్యూషన్ పారబోసే ముందు తెలియాల్సినవి

క్యూసీ (మందుల నాణ్యత పరీక్షించే) ల్యాబ్‌లో ప్లేస్‌మెంట్‌కి చేరిన విద్యార్థిని మొదటి వారంలో హెచ్‌పీఎల్‌సీ (ద్రావణంలోని పదార్థాల్ని విడదీసి కొలిచే యంత్రం) ముట్టుకోనివ్వరు. ఎస్‌ఓపీలు (ఏ పని ఎలా చేయాలో రాసిన పత్రాలు) చదవడం, సంతకాలు పెట్టడం, ఇదే పని. విసుగ్గానే ఉంటుంది. కానీ ట్రైనింగ్ రికార్డులో మీ పేరు ఎక్కకముందు మీరు చేసిన టెస్ట్, రిజల్ట్ ఎంత బాగా వచ్చినా, చెల్లదు. ఈ రోజుల్ని వృథా చేసుకోకుండా ఉండాలంటే ఒక పని చేయండి. సీనియర్ అనలిస్ట్ పని చేస్తుంటే పక్కన నిలబడి, ఎస్‌ఓపీ చేతిలో పెట్టుకుని, ఒక్కో స్టెప్పూ పోల్చి చూడండి. కాగితం మీద ‘బాగా కలపాలి’ అని మాత్రమే ఉన్నచోట ఆ మనిషి ఫ్లాస్క్‌ని ఎన్నిసార్లు తలకిందులు చేశారు, ఎప్పుడు ఆగారు అన్నది గమనించండి. తెలియకపోతే అప్పుడే అడిగేయండి. ఆరో నెలలో అదే ప్రశ్న అడగడానికి మొహమాటం అడ్డొస్తుంది.

రాత పని

చేసింది చేసినప్పుడే రాయాలి. చేతి మీదో, టిష్యూ ముక్క మీదో, విడి కాగితం మీదో బరువు రాసుకుని తర్వాత నోట్‌బుక్‌లోకి ఎక్కించడం చిన్న విషయంలా కనిపిస్తుంది. ఇన్‌స్పెక్టర్ కంట పడితే మాత్రం ఆ ముక్కే అసలు రికార్డు, మీ నోట్‌బుక్ దానికి నకలు. తప్పు రాస్తే పాత అంకె చదవడానికి వీలుగా దాని మీద ఒకే గీత గీసి, పక్కన సరైనది, సంతకం, తేదీ, కారణం రాయండి. వైట్‌నర్ ల్యాబ్‌లోకే రాకూడదు. ‘రాత తప్పు’ అని ప్రతిసారీ రాస్తే రివ్యూ చేసేవాళ్లు ఊరుకోరు. ‘25.13కి బదులు 25.31 అని రాశాను, ప్రింటవుట్ చూసి సరిచేశాను’ అంటే ఇక ప్రశ్న ఉండదు. పాస్‌వర్డ్ ఎవరికీ ఇవ్వకండి, ఎవరి లాగిన్‌లోనూ పని చేయకండి, రెండు నిమిషాల పనే అయినా సరే.

బ్యాలెన్స్, ఫ్లాస్క్

అస్సే (మందు ఎంత శాతం ఉందో తేల్చే టెస్ట్) రిజల్టుల్లో వచ్చే తేడాల్లో పెద్ద వాటా మెషీన్‌లో పుట్టదు, ఈ రెండింటి దగ్గరే పుడుతుంది.

ప్రతి బ్యాలెన్స్‌కీ ఒక కనీస బరువు ఉంటుంది. 0.1 మి.గ్రా. వరకు చూపించే బ్యాలెన్స్ ఎంత మంచిదైనా, అమెరికా ఫార్మకోపియా (మందుల ప్రమాణాల గ్రంథం) లెక్క ప్రకారం దాని మీద 82 మి.గ్రా. కన్నా తక్కువ కచ్చితంగా తూచడం కుదరదు. 0.01 మి.గ్రా. చూపించేదానికి అది 8.2 మి.గ్రా. మీ ల్యాబ్ బ్యాలెన్స్ మీద అతికించిన స్టిక్కర్‌లో ఇంకా ఎక్కువే ఉండొచ్చు. 10 మి.గ్రా. స్టాండర్డ్ (పోల్చడానికి వాడే, స్వచ్ఛత తెలిసిన పదార్థం) తూయాల్సి వస్తే ఏ బ్యాలెన్స్ దగ్గరికి వెళ్లాలో దీన్నిబట్టే తేలుతుంది. ఓవెన్‌లోంచి తీసిన పాత్రను వేడి మీద తూస్తే బరువు తక్కువ చూపిస్తుంది. డెసికేటర్‌లో (తేమ చేరని మూత పాత్రలో) పూర్తిగా చల్లారనివ్వాలి. అంకె నిలవకుండా ఒకే దిక్కుకి పాకుతుంటే శాంపిల్ తేమ పీల్చుకుంటోందేమో, లేదా స్టాటిక్ ఉందేమో చూడండి. పౌడర్‌ని ఫ్లాస్క్‌లోకి వేశాక ఖాళీ అయిన వెయింగ్ బోట్‌ను (పౌడర్ తూచిన చిన్న పాత్రను) మళ్లీ తూచి, ఆ బరువు తీసివేయండి. అంటుకుని మిగిలిపోయిన 0.3 మి.గ్రా. అప్పుడే లెక్కకొస్తుంది.

ఇక ఫ్లాస్క్. 100 మి.లీ. ఫ్లాస్క్‌లో శాంపిల్ వేసి, 60–70 మి.లీ. డైల్యూయెంట్ (కరిగించే ద్రవం) పోసి, సోనికేటర్‌లో (ధ్వని తరంగాలతో కరిగించే నీళ్ల తొట్టిలో) పెడతారు. సోనికేటర్ నీళ్లు నడిచే కొద్దీ వేడెక్కుతాయి, ఫ్లాస్క్ కూడా వేడెక్కుతుంది. డైల్యూయెంట్ మిథనాల్ అయితే డిగ్రీకి దాదాపు 0.12 శాతం వ్యాకోచిస్తుంది. గది కన్నా అయిదు డిగ్రీలు ఎక్కువ వేడిగా ఉండగానే మెడ మీది మార్కు దాకా పోసేస్తే, చల్లారాక మట్టం మార్కు కిందికి దిగి, గాఢత 0.6 శాతం ఎక్కువవుతుంది. లిమిట్ 98 నుంచి 102 శాతం దాకా ఉన్న పదార్థానికి ఇది చిన్న తప్పేం కాదు. మిథనాల్‌ని నీళ్లలో కలిపితే వేడెక్కుతుంది, అసిటోనైట్రైల్‌ని కలిపితే చల్లబడుతుంది. ఏది కలిపినా గది ఉష్ణోగ్రతకు వచ్చేదాకా ఆగి అప్పుడే మార్కు దాకా పోయండి. తర్వాత మూత పెట్టి పదిహేనుసార్లయినా తలకిందులు చేయాలి. మెడలో ఉన్న ద్రవం ఊరికే ఊపితే కలవదు. సిరంజి ఫిల్టర్ వాడితే మొదటి కొన్ని మి.లీ. పారబోయాలి, ఎందుకంటే ఫిల్టర్ పొర మందును కాస్త పట్టుకుంటుంది. ఎంత పారబోయాలో మెథడ్‌లో ఉంటుంది.

హెచ్‌పీఎల్‌సీ

మొబైల్ ఫేజ్ (కాలమ్ అనే గొట్టం గుండా పంపే ద్రవం) బఫర్ పీహెచ్‌ని ఆర్గానిక్ (అసిటోనైట్రైల్, మిథనాల్ లాంటి ద్రావకం) కలపకముందే సరిచేయాలి, మెథడ్ వేరేగా చెబితే తప్ప. మీటర్‌ని కావాల్సిన విలువకి అటూ ఇటూ ఉన్న రెండు బఫర్‌లతో క్యాలిబ్రేట్ చేయండి, 3.0 కావాల్సినప్పుడు 7, 10తో చేసి లాభం లేదు. ఆసిడ్ ఎక్కువై పీహెచ్ దిగిపోతే ఆల్కలీతో వెనక్కి లాగకండి. ఉప్పు గాఢత మారిపోతుంది, కొత్తగా చేసుకోండి. ఎలక్ట్రోడ్‌ని డిస్టిల్డ్ వాటర్‌లో కాకుండా 3 మోలార్ పొటాషియం క్లోరైడ్‌లో ఉంచాలి.

బఫర్‌ని 0.45 మైక్రాన్ ఫిల్టర్‌తో వడకట్టి, గాలి తీసి వాడండి. పాత సీసాలో మిగిలిన ఫాస్ఫేట్ బఫర్ మీద కొత్తది పోయొద్దు, అందులో సూక్ష్మజీవులు పెరుగుతాయి. ఆర్గానిక్ ఒక్క శాతం తేడా వచ్చినా రివర్స్ ఫేజ్‌లో (సీ18 లాంటి కాలమ్‌తో చేసే పద్ధతిలో) పీక్ (గ్రాఫ్‌లో పదార్థాన్ని చూపే శిఖరం) వచ్చే సమయం దాదాపు పది శాతం జరుగుతుంది. కాబట్టి కొలజాడీలో నీళ్లు, అసిటోనైట్రైల్ వేర్వేరుగా కొలిచి తర్వాత కలపాలి, ఒకదాని మీద ఒకటి పోసి మార్కు దాకా నింపకూడదు.

రన్ అయ్యాక కాలమ్ కడగడం కొత్తవాళ్లు తొందరపడే చోటు. బఫర్ లోపల ఉండగానే నేరుగా అసిటోనైట్రైల్‌కి మారిస్తే ఫాస్ఫేట్ ఉప్పు స్ఫటికాలై పంపులోనూ, ఫ్రిట్‌లోనూ (కాలమ్ చివర ఉండే జల్లెడ) పేరుకుంటుంది. మర్నాడు ప్రెషర్ చూశాక గాని సంగతి తెలియదు. 250 x 4.6 మి.మీ. సీ18 కాలమ్ లోపలి ఖాళీ సుమారు రెండున్నర మి.లీ. నిమిషానికి ఒక మి.లీ. చొప్పున 90 నీళ్లు, 10 ఆర్గానిక్‌తో అరగంట నడిపితే పది కాలమ్ వాల్యూమ్‌లు దాటుతాయి, ఉప్పు పోతుంది. ఆ తర్వాతే ఆర్గానిక్ పెంచి, దానిలోనే కాలమ్‌ని దాచండి. ఉత్త నీళ్లతో సీ18ని కడగడం కూడా మంచిది కాదు.

ప్రెషర్ ఎగిరెగిరి పడుతుంటే పంపులో గాలి బుడగో, చెక్ వాల్వ్ మురికో అనుకోండి. నిలకడగా పెరిగిపోతుంటే ఎక్కడో అడ్డు పడింది. పీక్ రెండుగా చీలితే శాంపిల్ డైల్యూయెంట్ మొబైల్ ఫేజ్ కన్నా బాగా బలంగా ఉందా, కాలమ్ తలలో ఖాళీ ఏర్పడిందా చూడాలి. బ్లాంక్‌లో (మందు వేయని ద్రావణంలో) మీ మందు పీక్ కనిపిస్తే అది క్యారీ ఓవర్ (ముందు ఇంజెక్షన్‌లో మిగిలినది) అయినా కావాలి, గాజుసామాను సరిగా కడగకపోవడమైనా కావాలి.

రిజల్ట్ తప్పినప్పుడు

ఏడాది మొత్తంలో నేర్చుకోవాల్సిన అసలు విద్య ఇదే. లిమిట్ బయటి అంకె కనబడగానే చేతులు ఫ్లాస్క్ కడగడానికి, ఇంకోసారి తూచడానికి పోతాయి. రెండూ వద్దు. స్టాండర్డ్, శాంపిల్, మొబైల్ ఫేజ్, వయల్స్, వాడిన పిపెట్లు ఎక్కడివక్కడ ఉంచి వెంటనే సూపర్‌వైజర్‌కి చెప్పండి. తప్పు ల్యాబ్‌లో జరిగిందా, బ్యాచ్‌లోనే ఉందా అని తేల్చే సాక్ష్యం ఆ ఫ్లాస్క్‌లోనే ఉంటుంది. దాన్ని సింక్‌లో పోసేస్తే ఇక ఎవరూ ఏమీ చెప్పలేరు.

అంకె ఆకారమే కొంత చెబుతుంది. రిజల్ట్ సరిగ్గా సగమో, రెట్టింపో వస్తే డైల్యూషన్ చూడండి: 5 మి.లీ. తీసి 50కి బదులు 25 మి.లీ. ఫ్లాస్క్‌లో పోసి ఉంటారు. ఒకే వయల్‌లోంచి చేసిన ఇంజెక్షన్లలో ఒక్కదానిలోనే పీక్‌లన్నీ ఒకే నిష్పత్తిలో తగ్గితే ఇంజెక్షన్ సరిగా పడలేదు. స్టాండర్డ్ ఆరు ఇంజెక్షన్లలో వరసగా పెరుగుతూ పోతే వయల్‌లోంచి ద్రావకం ఆవిరవుతోందేమో, సిస్టమ్ ఇంకా కుదురుకోలేదేమో. శాంపిల్స్ అన్నీ ఒకే దిక్కుకి, ఒకే మోతాదులో జరిగితే అనుమానం శాంపిల్ మీద కాదు, స్టాండర్డ్ తూకం మీద.

మళ్లీ ఇంజెక్ట్ చేయాలన్నా, మళ్లీ తయారుచేయాలన్నా దానికి కాగితం మీద ప్లాన్, అనుమతి ఉండాలి. పాస్ అయ్యేదాకా టెస్ట్ చేస్తూ పోవడాన్ని 1993లో అమెరికాలో బార్ లేబొరేటరీస్ కేసులో ఫెడరల్ కోర్టు తప్పుపట్టింది. ఆ అంశంపై అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ మార్గదర్శకం 2006లో వచ్చింది. ‘ట్రయల్’ అని పేరు పెట్టి శాంపిల్‌ని ముందుగా ఒకసారి ఇంజెక్ట్ చేసి చూసుకోవడం కూడా ఈ కోవలోదే. ఆడిట్ ట్రెయిల్‌లో (సిస్టమ్ తనంతట తానే నమోదు చేసే రికార్డులో) అది గంట, నిమిషాలతో సహా ఉంటుంది.

ఏడాదికి తగిన పని

రొటీన్ రిలీజ్ టెస్టులు చేయి తిరగడానికి మంచివి. కానీ వీలైతే ఒక స్టెబిలిటీ బ్యాచ్‌ని (నిల్వలో మందు ఎలా మారుతుందో చూడటానికి ఉంచినది) మీకు అప్పగించమని చేరిన నెలలోనే అడగండి. 25 డిగ్రీలు, 60 శాతం తేమలో 0, 3, 6, 9, 12 నెలలు. 40 డిగ్రీలు, 75 శాతం తేమలో 0, 3, 6 నెలలు. మీ ప్లేస్‌మెంట్‌కి ఇది దాదాపు సరిపోతుంది. ప్రతి పాయింట్‌కీ అస్సే ఎంత తగ్గిందో, ఇంప్యూరిటీలు మొత్తం ఎంత పెరిగాయో పక్కపక్కన పెట్టి చూడండి. అస్సే 2 శాతం పడిపోయి, ఇంప్యూరిటీలు 0.3 శాతమే పెరిగితే మిగతాది ఎక్కడికి పోయింది? డిటెక్టర్‌కి కనబడని ఇంప్యూరిటీ ఉందా, ఆవిరైందా, తూకంలోనే తేడానా? కాలేజీ రిపోర్టుకి ఇంతకన్నా మంచి ప్రశ్న దొరకడం కష్టం.

ఆ రిపోర్టులో ప్రొడక్ట్ పేరు, బ్యాచ్ నంబర్, మెథడ్ షరతులు ఏవి రాయొచ్చో మొదట్లోనే రాతపూర్వకంగా అడిగి పెట్టుకోండి. ల్యాబ్ నోట్‌బుక్‌గానీ, స్క్రీన్ ఫొటోగానీ బయటికి తీసుకెళ్లకూడదు. కంపెనీ రివ్యూకి వారాలు పడుతుంది కాబట్టి డ్రాఫ్ట్‌ని కాలేజీ గడువుకి రెండు నెలల ముందే ఇవ్వండి. చివరి వారంలో కొత్త టెస్ట్ ఏదీ మొదలుపెట్టకండి. మీ పేరుతో ఫ్రిజ్‌లో ఉన్న సొల్యూషన్లు, సగంలో ఉన్న లాగ్‌బుక్ పేజీలు, రివ్యూ సంతకం పడని నోట్‌బుక్ పేజీలు జాబితా రాసి, ఒక్కోటీ ఎవరికి అప్పగించారో వాళ్ల చేత సంతకం పెట్టించుకుని వెళ్లండి.