ముట్లుడిగే వయసులో ఎర్రబట్ట: ఏది వయసు వల్ల, ఏది కాదు

నలభై ఐదు అటూఇటుగా నెలసరి లెక్క తప్పడం మామూలే. అలాగని ప్రతి రక్తస్రావాన్నీ వయసు ఖాతాలో వేసేయకూడదు. ముందు క్యాలెండర్ మీద మూడు రాయండి: మొదలైన తేదీ, ఆగిన తేదీ, రోజుకు తడిసిన ప్యాడ్లు. “చాలా పోతోందండీ” అనే మాటకంటే ఈ కాగితమే డాక్టరుకి ఎక్కువ చెబుతుంది.

గంటకో ప్యాడ్ చొప్పున రెండు గంటలకు పైగా తడుస్తున్నా, లేచి నిలబడితే కళ్లు తిరుగుతున్నా, ఆయాసం వస్తున్నా రాతలు పక్కనపెట్టి 108కి ఫోన్ చేయండి.

రెండు మూడు నెలలు రాకుండా, వచ్చాక ఆగకపోతే

ఈ వయసులో ఎక్కువగా కనిపించేది ఇదే. అండం విడుదల కాని నెలలో ప్రొజెస్టరాన్ అనే హార్మోన్ తయారవదు. ఈస్ట్రోజెన్ అనే మరో హార్మోన్ ఒక్కటే పనిచేస్తూ గర్భసంచి లోపలి పొరను మందంగా పెంచుతుంది. ఆ పొర ఒక్కసారి కాక విడతలు విడతలుగా ఊడుతుంది, అందుకే పదిహేను రోజులైనా ఆగదు.

మొట్టమొదట గర్భ పరీక్ష చేయించాలి. ముట్లు పూర్తిగా ఆగేవరకు గర్భం వచ్చే అవకాశం ఉంటుంది. తర్వాత హిమోగ్లోబిన్, థైరాయిడ్, కింది నుంచి చేసే స్కానింగ్. నలభై దాటినవారికి, అందులోనూ షుగర్, ఊబకాయం, పీసీఓడీ (అండాశయాల్లో నీటిబుడగల సమస్య) ఉన్నవారికి, లోపలి పొర ముక్క తీసి బయాప్సీకి పంపడం మంచిది. సన్నని గొట్టంతో ఓపీలోనే కొద్ది నిమిషాల్లో అయిపోతుంది, కడుపులో పట్టేసినట్టు నొప్పి ఉంటుంది. అది చేయించకుండా నెలల తరబడి హార్మోన్ మాత్రలతో నెట్టుకురావడం మాత్రం తప్పు.

ఆపడానికి సాధారణంగా నోరెథిస్టెరాన్ అనే హార్మోన్ మాత్ర 5 మి.గ్రా. రోజుకు మూడుసార్లు, పది రోజులు రాస్తారు. మానేసిన రెండు నుంచి నాలుగు రోజుల్లో మళ్లీ రక్తం కనబడుతుంది. మందు పనిచేయలేదని కంగారుపడి చాలామంది ఇక్కడే సొంతంగా మళ్లీ మొదలుపెడతారు. అది రావలసిన రక్తమే.

సమయానికే వచ్చినా గడ్డలుగా పోతుంటే

ఫైబ్రాయిడ్లో (గర్భసంచిలో పెరిగే క్యాన్సర్ కాని కణుతులు), అడినోమయోసిస్సో (లోపలి పొర సంచి కండరంలోకి చొచ్చుకుపోవడం) ఉండొచ్చు. రెండోదాంట్లో నొప్పి ఎక్కువ, సంచి ఉబ్బినట్టుంటుంది. రక్తస్రావం తగ్గడానికి ట్రానెక్సామిక్ ఆసిడ్ 500 మి.గ్రా. మాత్రలు రెండేసి, రోజుకు మూడుసార్లు, రక్తం ఎక్కువగా పోయే రోజుల్లోనే, నాలుగు రోజులు మించకుండా వాడతారు. కాలిలో, ఊపిరితిత్తుల్లో రక్తం గడ్డకట్టిన చరిత్ర ఉంటే ఇవి వద్దు.

సంచిలో అమర్చే హార్మోన్ పరికరం ఏళ్ల తరబడి పనిచేస్తుంది. మొదటి మూడు నుంచి ఆరు నెలలు చిన్న మరకలు కనబడతాయి. ఆ కాస్త ఓపిక లేక తీయించుకునేవారున్నారు. ముట్లుడిగాక ఫైబ్రాయిడ్లు సాధారణంగా కుంచించుకుపోతాయి. కాబట్టి “పిల్లలైపోయారుగా, సంచి తీసేద్దాం” అని ఎవరైనా తొందరపెడితే రిపోర్టులన్నీ పట్టుకుని ఇంకో డాక్టరు అభిప్రాయం తీసుకోండి.

మధ్యమధ్య మరకలు

సింహాచలం చందనోత్సవానికో, ఇంట్లో వ్రతానికో నెలసరి వాయిదా మాత్రలు మింగారా? పూట తప్పినా, మానేసినా మరకలు వస్తాయి. రక్తం పలచబరిచే మందులు, కాపర్ టీ కూడా కారణం కావచ్చు. కలయిక తర్వాత కనబడితే గర్భాశయ ముఖద్వారాన్ని చూపించి పాప్ పరీక్ష (అక్కడి కణాలు తీసి క్యాన్సర్ లక్షణాల కోసం చూడడం) చేయించాలి.

ఏడాది ఆగిపోయాక ఒక్క చుక్క

ఇక్కడ ఆలోచించడానికేమీ లేదు, ఆ వారంలోనే చూపించాలి. చాలామందికి లోపలి పొరలు ఎండి పలచబడడం వల్లే వస్తుంది గానీ, క్యాన్సర్ కాదని తేల్చుకోవాల్సిందే. స్కానింగ్‌లో పొర 4 మిల్లీమీటర్లు దాటితే బయాప్సీ తప్పదు. తక్కువున్నా, మళ్లీ కనబడితే చేయించాలి. ఈ 4 లెక్క ముట్లు ఆగినవారికే. ఇంకా వస్తున్నవారి రిపోర్టులో 10, 12 ఉన్నంత మాత్రాన హడలిపోనక్కర్లేదు, నెలలో రోజును బట్టి అది మారుతుంది. విశాఖలో దీనికి కేజీహెచ్ (కింగ్ జార్జ్ ఆసుపత్రి) గైనిక్ ఓపీ, వన్‌టౌన్‌లోని ప్రభుత్వ స్త్రీల ఆసుపత్రి ఘోషాసుపత్రి ఉన్నాయి. బయాప్సీలో క్యాన్సర్ తేలితే అగనంపూడిలో హోమీ బాబా ఆసుపత్రి ఉంది.

ఐరన్ మాత్ర

హిమోగ్లోబిన్ 12 కంటే తగ్గితే రక్తహీనతే. టీ, కాఫీ, పాలతో ఐరన్ మాత్ర వేసుకోవద్దు, గంట రెండు గంటలు ఎడం ఉంచి నిమ్మరసంతో వేసుకోండి. మలం నల్లగా వస్తే భయం లేదు. హిమోగ్లోబిన్ మామూలుకి వచ్చాక కూడా మూడు నెలలు కొనసాగించాలి, లేకపోతే నిల్వలు నిండవు.