మన బండి మన చేత్తో – 9వ పాఠం: కూలెంటు పోశాక గాలి తీయడం

ఈ వారం చెయిన్ సర్వీసు చెప్తానన్నాను. అది వచ్చే వారానికి వాయిదా. పోయిన పాఠంలో కూలెంటు (ఇంజన్‌ను చల్లబరిచే ద్రవం) గురించి "పాతది దించి, కొత్తది పోసి, మూత బిగించండి" అని ఒక్క ముక్కలో తేల్చేశాను. పోయడానికీ బిగించడానికీ మధ్య అరగంట పని ఉంది. అలవాటైన చేతికి అది పనిలా తోచదు, అందుకే రాయలేదు. తప్పు నాదే.

మియాపూర్ తమ్ముడొకడు ఆదివారం కూలెంటు మార్చుకుని సోమవారం ఆఫీసుకు బయల్దేరాడు. జేఎన్‌టీయూ దగ్గర హైటెక్ సిటీ వైపు తిరిగాడో లేదో, మీటర్ మీద ఇంజన్ కాగిపోతోందనే ఎర్ర దీపం. ఫోన్ చేశాడు.

"అన్నా, కూలెంటు నిండుగానే ఉంది. ఫుల్ గీతకు అంటుకుని ఉంది."

"ఎక్కడ చూశావ్?"

"పక్క డబ్బాలో."

ఇదే మాట ఇంకో ఇద్దరు చెప్పారు. నాకు చిర్రెత్తుకొచ్చేది సరిగ్గా ఇక్కడే. పాత కూలెంటు ఎంత దిగింది, కొత్తది ఎంత పట్టింది అని తమ్ముణ్ణి అడిగాను. దించింది 1100 మిల్లీలీటర్లు, పోసింది 700. మిగిలిన 400 సీసాలోనే ఉంది. మరి బండిలో ఆ జాగాలో ఏముంది? గాలి.

పక్క డబ్బా, అంటే రిజర్వ్ ట్యాంకు, సంగతి ఇప్పుడే తేల్చేద్దాం. కూలెంటు వేడెక్కితే ఉబ్బుతుంది. రేడియేటర్ మూతలో స్ప్రింగు ఉంటుంది. ఒత్తిడి హద్దు దాటితే ఆ స్ప్రింగు లేచి, ఉబ్బినంత కూలెంటు సన్న పైపులోంచి డబ్బాలోకి పోతుంది. మూత మీద 1.1 లాంటి అంకె కనిపిస్తే ఆ హద్దు అదే, బార్లలో. బండి చల్లారాక లోపలి కూలెంటు కుంచించుకుపోతుంది, వెలితి పడుతుంది. అప్పుడు మూత మధ్యలో ఉండే చిన్న వాల్వు తెరుచుకుని, డబ్బాలోంచి వెనక్కి లాక్కుంటుంది. డబ్బా ఉద్యోగం అంతే. పొంగింది దాచిపెట్టడం, చల్లారాక తిరిగివ్వడం. అందులో పోసినంత మాత్రాన ఖాళీ రేడియేటర్ నిండదు. పొంగిన పాలు పట్టుకోవడానికి గిన్నె కింద పళ్ళెం పెట్టారనుకోండి. పళ్ళెంలో మీరే పాలు పోసి, గిన్నె కూడా నిండిందంటే ఎలా?

ఒకాయన ఇంకో అడుగు ముందుకేసి, ఎక్కువుంటే మంచిదేగా అని డబ్బాను అంచు దాకా నింపాడు. పొంగిన కూలెంటుకు చోటు లేక నేలపాలైంది. లీకేజీ అని భయపడి షెడ్డుకు తీసుకెళ్తే, కూలెంటును తిప్పే వాటర్ పంపు సీలు మార్చాలన్నారట! డబ్బా మీది కింది గీత (LOW) కంటే బాగా కిందికి దిగినా ప్రమాదమే. లోపలి పైపు చివర కూలెంటులో మునగకపోతే బండి చల్లారిన ప్రతిసారీ గాలినే పీలుస్తుంది. రెండు గీతల మధ్య ఉంచండి, అది కూడా రేడియేటర్ నింపాకే.

గాలి చేసే పని బోరు మోటారు ఉన్న ఇళ్ళవాళ్ళకు చెప్పక్కర్లేదు. మోటారు గుయ్యిమని తిరుగుతుంది, పైకి చుక్క రాదు. గాలి పట్టిందని పైపులో నీళ్ళు పోసి మళ్ళీ వేస్తాం. బండి వాటర్ పంపుదీ అదే కథ. పైగా టెంపరేచర్ సెన్సర్ కూలెంటులో మునిగి ఉంటేనే నిజం చెప్తుంది. దాని చుట్టూ బుడగ నిలిస్తే ఇంజన్ కాగిపోతున్నా ఆలస్యంగా చెప్తుంది, ఫ్యానూ ఆలస్యంగా తిరుగుతుంది. ఖాళీ రోడ్డు మీద ఎదురుగాలి కొంత కాపాడుతుంది. మే నెల ట్రాఫిక్‌లో ఫ్యానే దిక్కు.

ఇక పని. రాత్రంతా చల్లారిన బండితో మొదలుపెట్టండి. సెల్లార్‌లో వద్దు, ఇంజన్ చాలాసేపు నడవాలి. ఆ పొగలో ఉండే కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు. రేడియేటర్ మూత అన్నిటికన్నా ఎత్తులో ఉండేలా నిలబెట్టాలి. ముందు చక్రం పైకుండేలా అపార్ట్‌మెంట్ ర్యాంపు మీద పెట్టడం నా అలవాటు. మూత కుడిపక్కన ఉంటే సైడ్ స్టాండు వేస్తే చాలు, ఆ పక్క దానంతటదే పైకి లేస్తుంది.

గరాటు నేనెప్పుడూ కొనలేదు, నీళ్ళ సీసా అడుగు కోసి తిరగేస్తాను. రేడియేటర్ మూత తీసి, సన్నగా, దాని మెడ దాకా పోయండి. రబ్బరు పైపుల్ని చేత్తో పిండండి. బుడబుడమంటుంది, మట్టం దిగుతుంది, మళ్ళీ పోయండి. బ్లీడ్ స్క్రూ (గాలి వదలడానికి పెట్టిన స్క్రూ) ఉన్న బండయితే దాన్ని వదులు చేసి, బుడగల్లేని ధార వచ్చాక బిగించండి.

మూత తీసే ఉంచి స్టార్ట్ చేయండి. మొదట్లో పెద్దగా ఏమీ జరగదు. అయిపోయిందనుకుని చాలామంది మూత పెట్టేసేది ఇప్పుడే. ఆగండి. థర్మోస్టాట్, అంటే ఇంజన్ వేడెక్కాకే కూలెంటును రేడియేటర్‌లోకి వదిలే వాల్వు, ఇంకా మూసుకునే ఉంది. చాలా బండ్లలో అది 80 డిగ్రీల చుట్టుపక్కల తెరుచుకుంటుంది. తెరుచుకోగానే రేడియేటర్‌లోకి వెళ్ళే పైపు వేడెక్కుతుంది, మట్టం గబుక్కున పడిపోతుంది. పోయండి. రెండు మూడు సార్లు సన్నగా రేస్ ఇవ్వండి. ముఖం మెడ మీదికి వంచొద్దు, చిమ్ముతుంది. వేళ్ళు ఫ్యానుకు దూరంగా ఉంచండి, అది చెప్పి తిరగదు. బుడగలు ఆగి, మట్టం మెడ దగ్గర నిలిచాక ఇంజన్ ఆపి, మూతను రెండో నొక్కు దాకా తిప్పండి. మళ్ళీ స్టార్ట్ చేసి, ఫ్యాను ఒకసారి తిరిగి ఆగేదాకా చూడండి. ఇక ఆ మూతను వేడి మీద ముట్టుకోవద్దు.

కూలెంటులో ఏ నీళ్ళు కలపాలని అడిగారు. నేనైతే పుత్లీబౌలి స్పేర్ పార్టుల దుకాణాలకు వెళ్ళి రెడీమిక్స్, అంటే నీళ్ళు ముందే కలిపింది, తెచ్చుకుంటాను, టెన్షన్ ఉండదు. చిక్కటిది కొంటే డీఎం వాటర్ (ఖనిజాలు తీసేసిన నీళ్ళు) సగానికి సగం కలపాలి. బోరు నీళ్ళు వద్దు, మీ గీజర్ కాయిల్ మీది తెల్ల పొర చూస్తే ఎందుకో తెలుస్తుంది. రంగు ఒకటేనని రెండు రకాల కూలెంట్లు కలపొద్దు, ఏ రంగు వేయాలన్నది కంపెనీ ఇష్టం. ఒలికింది వెంటనే కడగండి. ఇథిలీన్ గ్లైకాల్ తియ్యగా ఉంటుంది, వీధికుక్క నాకితే దాని కిడ్నీలు పోతాయి.

అభ్యాసం కాస్త కష్టమే. ముందు లెక్క: దించినంత తిరిగి ఎక్కిందా? మియాపూర్ తమ్ముడు మళ్ళీ కూర్చుంటే ఇంకో 380 పట్టింది. తర్వాత వరసగా మూడు పొద్దులు, బండి తీయకముందు, నిటారుగా నిలబెట్టి డబ్బా మీద మార్కర్‌తో మట్టం గీయండి, పక్కన తేదీ వేయండి. మొదటి పొద్దున కాస్త దిగితే మంచిదే. మిగిలిన గాలి పోయి ఆ జాగాలోకి కూలెంటు వెళ్ళిందన్నమాట. ఫుల్ గీత దాకా కలపండి. మూడో రోజుకి నిలవాలి. అప్పటికీ దిగుతుంటే వాటర్ పంపు కింద చిన్న రంధ్రం ఉంటుంది, అక్కడ తడి ఉందేమో వేలు పెట్టి చూడండి. తడి ఉంటే సీలు పోయింది. పొడిగా ఉంటే ఇంజన్ ఆయిల్ చూడండి. అది పాలు ఎక్కువైన చాయ్ రంగులో ఉంటే కూలెంటు అందులో కలుస్తోందన్నమాట, ఇక స్టార్ట్ చేయకండి, ట్రాలీ ఆటోలో ఎక్కించండి.