సీయూసీవీలో ఆల్టర్నేటర్ పెంచడం: ఆంపియర్ల కన్నా ముందు ఎర్త్ చూసుకోండి

1980లలో అమెరికా సైన్యం షెవర్లే పికప్‌లను, బ్లేజర్ ఎస్‌యూవీలను సీయూసీవీ పేరుతో వాడింది. వాటిలో ఎం1008 పికప్, ఎం1009 బ్లేజర్ మిగులు సామానుగా అమ్ముడై చాలామంది చేతికి వచ్చాయి. 6.2 లీటర్ల డీజిల్ ఇంజను, దానికి అటొకటి ఇటొకటి, బ్యాటరీలను ఛార్జ్ చేసే రెండు ఆల్టర్నేటర్లు, బానెట్ కింద రెండు 12 వోల్టుల బ్యాటరీలు ఉంటాయి. ఆల్టర్నేటర్లు రెండూ డెల్కో రెమీ 27ఎస్‌ఐ రకం, ఒక్కోటి 100 ఆంపియర్లది. చూడటానికి కవలల్లా ఉన్నా ఒకదాని స్థానంలో పెట్టగలిగింది రెండోదాని స్థానంలో పెట్టలేం. డ్రైవర్ వైపు మామూలు కారు ఆల్టర్నేటర్ బిగిస్తే హాయిగా నడుస్తుంది. అదే ఆల్టర్నేటర్‌ను ప్యాసింజర్ వైపు బిగించి బ్యాటరీ కలిపారంటే, ఇంజను స్టార్ట్ చేయకుండానే కేబుల్ కాలిపోతుంది.

కారణం ఎర్త్. రెండు బ్యాటరీలు సిరీస్‌లో ఉన్నాయి. సౌలభ్యం కోసం వాటిని కింది బ్యాటరీ, పై బ్యాటరీ అందాం. కింది బ్యాటరీ మైనస్ బాడీకి, ప్లస్ 12 వోల్టుల టెర్మినల్ బ్లాక్‌కు వెళ్తాయి. పై బ్యాటరీ మైనస్ అదే 12 వోల్టుల బ్లాక్ మీద కూర్చుంటుంది, దాని ప్లస్ దగ్గర బాడీతో కొలిస్తే 24 వోల్టులు. డ్రైవర్ వైపు ఆల్టర్నేటర్, అంటే జెన్ 1, కింది బ్యాటరీని ఛార్జ్ చేస్తుంది. ప్యాసింజర్ వైపు జెన్ 2 పై బ్యాటరీని ఛార్జ్ చేస్తుంది. కాబట్టి జెన్ 2 మైనస్ బాడీ కాదు, 12 వోల్టుల ప్లస్. అందుకే సైన్యం పెట్టిన 27ఎస్‌ఐలో మైనస్‌కు వేరే స్టడ్ (కేబుల్ బిగించే బోల్టు) ఉంటుంది, పైతొడుగుకు దానితో సంబంధం ఉండదు. మామూలు ఆల్టర్నేటర్‌లో పైతొడుగే మైనస్. దాన్ని జెన్ 2 బ్రాకెట్‌కు బిగించి పాత మైనస్ కేబుల్ తగిలిస్తే కింది బ్యాటరీ ప్లస్ నేరుగా ఇంజను బ్లాకుకు షార్ట్ అయినట్టే.

ఇక్కడి వివరమంతా ఎం1008, ఎం1009లకే. ఎం1010 అంబులెన్స్ వైరింగ్ వేరు, దానికి ఇది వర్తించదు.

లోడు ఎవరి మీద పడుతోంది?

హెడ్‌లైట్లు, వైపర్లు, బ్లోయర్, మిగతా లైట్లు అన్నీ 12 వోల్టులవే. 24 వోల్టుల మీద ఉండేవి సెల్ఫ్ మోటారు, రెసిస్టర్ ద్వారా కరెంటు అందే, స్టార్టింగ్ కోసం ఇంజనును వేడిచేసే హీటర్ ప్లగ్గులు, వేరే బండిని స్టార్ట్ చేయడానికి ఇచ్చిన స్లేవ్ సాకెట్, సైనిక రేడియో వంటివి. అంటే బండి నడుస్తున్నంతసేపూ పనంతా జెన్ 1దే. సెల్ఫ్ కొట్టినప్పుడు పోయిన ఛార్జ్‌ను పై బ్యాటరీకి తిరిగి నింపాక జెన్ 2కు దాదాపు పనే ఉండదు.

అందుకని కొత్త ఆల్టర్నేటర్ కొనేముందు ఒక లెక్క వేయండి. 1000 వాట్ల ఇన్వర్టర్‌ను 12 వోల్టుల మీద పెడితే ఛార్జింగ్ వోల్టేజి దగ్గర దాదాపు 80 ఆంపియర్లు లాగుతుంది, ఆ భారమంతా జెన్ 1 ఒక్కదాని మీదే. అదే వాట్లకు 24 వోల్టుల ఇన్వర్టర్ కొంటే 40 ఆంపియర్లు చాలు, ఆ కరెంటు రెండు ఆల్టర్నేటర్ల గుండా వెళ్తుంది కాబట్టి ఇద్దరూ సమానంగా మోస్తారు. పెద్ద లోడును 24కు మార్చగలిగితే ఆల్టర్నేటర్ మార్చే పనే తప్పుతుంది. మార్చలేని 12 వోల్టుల లోడు 70, 80 ఆంపియర్లు దాటి గంటల తరబడి నడిచేదైతే జెన్ 1ను పెంచడం న్యాయం. విన్చ్ (ఇరుక్కున్న బండిని తాడుతో లాగే మోటారు) కోసమే అయితే ఆశ పెట్టుకోకండి. 12 వోల్టుల విన్చ్ పూర్తి బరువు మీద 400 ఆంపియర్ల దాకా లాగుతుంది, అది బ్యాటరీ పని. ఆల్టర్నేటర్ చేసేది ఆ తర్వాత నింపడమే.

హీటర్ ప్లగ్గుల రెసిస్టర్‌ను తప్పించి 12 వోల్టుల నుంచి సప్లయ్ ఇచ్చే మార్పు ఈ బండ్లలో మామూలు. మీ బండిలో అది జరిగి ఉంటే ప్లగ్గుల భారం కూడా కింది బ్యాటరీ మీదే పడుతుందని లెక్కలో కలపండి.

ముందుగా పాతదాన్ని కొలవండి

ఇంజను వేడెక్కాక 1500 ఆర్‌పీఎం దగ్గర ఉంచి, 12 వోల్టుల లోడు అంతా వేసి, మూడు చోట్ల వోల్టేజి రాసుకోండి: బాడీ నుంచి 12 బ్లాక్‌కు, 12 బ్లాక్ నుంచి 24కు, బాడీ నుంచి 24కు. మొదటి రెండూ 14.0 నుంచి 14.4 మధ్య ఉండాలి, రెంటికీ తేడా 0.3 వోల్టుకు మించకూడదు. డ్యాష్‌బోర్డు మీది మీటరును నమ్ముకోవద్దు. అది మొత్తం 24నే చూపిస్తుంది, కింద 13, పైన 15 ఉన్నా ముల్లు పచ్చలోనే నిలబడుతుంది. ఆలోగా కింది బ్యాటరీ ఎండిపోతూ, పైది ఉడికిపోతూ ఉంటాయి.

వోల్టేజి తక్కువుంటే వెంటనే ఆల్టర్నేటర్‌ను అనుమానించకండి. లోడు మీద ఉండగా ఆల్టర్నేటర్ ప్లస్ స్టడ్ నుంచి బ్యాటరీ ప్లస్ పోస్ట్‌కు, అలాగే ఆల్టర్నేటర్ మైనస్ నుంచి బ్యాటరీ మైనస్‌కు మీటరు పెట్టండి. ఎటువైపయినా 0.2 వోల్టు దాటితే లోపం కేబుల్‌లోనో, దాని చివరి లోహపు లగ్‌లోనో, తుప్పు పట్టిన ఎర్త్‌లోనో ఉంది. ఏళ్ల నాటి బండి ఇది, ఇలాంటివి దొరకకపోతేనే ఆశ్చర్యం. జెన్ 1 కేబుల్‌కు డీసీ కొలిచే క్లాంప్ మీటరు తగిలించి ఎంత ఇస్తోందో చూడండి. 90 దాకా ఇస్తూ కూడా వోల్టేజి పడిపోతుంటేనే అది నిజంగా చాలట్లేదని అర్థం.

ఏది కొనాలి

జెన్ 1కు పైతొడుగే ఎర్త్ అయిన ఆల్టర్నేటర్ సరిపోతుంది కాబట్టి ఎంపిక ఎక్కువ. డెల్కో రెమీ సీఎస్144, 140 ఆంపియర్లది, తేలిగ్గా దొరికే మంచి ఎంపిక. పేరులోని 144 స్టేటర్ (లోపల కదలని చుట్ట) బయటి వ్యాసం, మిల్లీమీటర్లలో. 12ఎస్‌ఐ కొనకండి. దానిలో పెద్దదే 94 ఆంపియర్లు, అంటే ఉన్నదాని కన్నా చిన్నది.

లేబుల్ మీది అంకె ఆల్టర్నేటర్ 6000 ఆర్‌పీఎం తిరిగేటప్పటిది. 6.2 ఇంజను ఐడ్లింగ్ సుమారు 650. పుల్లీ నిష్పత్తి 3 అనుకుంటే ఆల్టర్నేటర్ తిరిగేది 1950 మాత్రమే. బండి నిలబెట్టి పరికరాలు నడిపేవాళ్లు అడగాల్సింది 140 గురించి కాదు, 2000 ఆర్‌పీఎం దగ్గర వేడి మీద ఎంత ఇస్తుందని. ఆ అంకె ఇవ్వలేని అమ్మకందారు చెప్పే 200, 250 అంకెల్ని పక్కన పెట్టండి. పుల్లీ చిన్నది చేస్తే ఐడ్లింగ్‌లో లాభమే, కానీ బెల్ట్ చుట్టుకునే చోటు తగ్గి జారడం మొదలవుతుంది.

కొనేముందు పాతదాని మీద కొలవాల్సినవి: పివట్ బోల్ట్ చెవి మందం, బోల్ట్ మందం, పివట్ నుంచి టెన్షన్ బోల్ట్‌కు దూరం, బ్రాకెట్ ముఖం నుంచి పుల్లీ గాడి మధ్యకు దూరం, షాఫ్ట్ మందం. సీఎస్144 తరచూ పలక బెల్ట్ పుల్లీతో వస్తుంది. మీకు కావాల్సింది వి-బెల్ట్ పుల్లీ, గాడుల సంఖ్య కూడా పాతదానితో సరిపోవాలి.

జెన్ 2ను 100 దగ్గరే వదిలేయడం మేలు, దానికి పని తక్కువని పైన చూశాం. అది చెడిపోయి ఉంటే అదే 27ఎస్‌ఐని రిపేరు చేయించండి, లేదా పైతొడుగుకు మైనస్ అంటని రకం కొనండి. పడవలకు చేసే ఆల్టర్నేటర్లలో ఇవి దొరుకుతాయి. ఏది తెచ్చినా బిగించకముందే మల్టీమీటర్‌తో మైనస్ స్టడ్‌కు, పైతొడుగుకు మధ్య రెసిస్టెన్స్ చూడండి. ఓపెన్, అంటే కనెక్షనే లేదని, రాకపోతే దాన్ని ప్యాసింజర్ వైపు పెట్టవద్దు. రిపేరుకు వెళ్లి వచ్చిన 27ఎస్‌ఐని కూడా ఇలాగే పరీక్షించాలి. లోపల ఇన్సులేటింగ్ వాషర్ ఒకటి మర్చిపోతే చాలు, అది మామూలు ఆల్టర్నేటర్ అయిపోతుంది.

విప్పడం, బిగించడం

చేతి ఉంగరం, గడియారం తీసేయండి. మొదట కింది బ్యాటరీ మైనస్ విప్పి, చుట్టూ గుడ్డ కట్టి పక్కకు పెట్టండి. తర్వాత రెండు బ్యాటరీల మధ్య కలిపేది, చివరగా పై బ్యాటరీ ప్లస్. కలిపేటప్పుడు క్రమం తిరగెయ్యాలి, బాడీకి వెళ్లే మైనస్ అన్నిటికన్నా చివర. ఏది కింది బ్యాటరీయో గుర్తు లేకపోతే విప్పకముందే మీటరుతో చూసుకుని పేరు రాసి అంటించండి. పాత యజమాని కేబుళ్లు ఎలా మార్చాడో బండి చెప్పదు.

పాత 27ఎస్‌ఐ మీద చిన్న ప్లగ్‌లో రెండు తీగలుంటాయి. 1 అన్నది డ్యాష్‌బోర్డు మీది జెన్ 1 హెచ్చరిక లైటు, 2 అన్నది వోల్టేజి చూసే తీగ. సీఎస్144 ప్లగ్‌లో నాలుగు. పాత 1ని ఎల్‌కు, పాత 2ని ఎస్‌కు కలపండి, మిగతా రెండూ ఖాళీగా వదిలేయండి. ఎల్‌కు 12 వోల్టులు నేరుగా ఎప్పుడూ ఇవ్వకూడదు, లోపల వోల్టేజిని అదుపు చేసే రెగ్యులేటర్ కాలిపోతుంది. మధ్యలో జెన్ 1 బల్బు ఉండాలి. ఆ బల్బు బదులు ఎల్‌ఈడీ పెట్టి ఉంటే కరెంటు చాలక ఆల్టర్నేటర్ మేలుకోకపోవచ్చు. అప్పుడు ఎల్‌ఈడీకి సమాంతరంగా 50 ఓమ్‌లు, 5 వాట్ల రెసిస్టర్ పెట్టండి.

కేబుల్ దగ్గర పొదుపు చేయకండి. 140 ఆంపియర్లకు 35 చదరపు మిల్లీమీటర్ల రాగి కేబుల్ ప్లస్‌కు ఒకటి, ఆల్టర్నేటర్ పైతొడుగు నుంచి కింది బ్యాటరీ మైనస్‌కు మరొకటి వేయండి. ఒక్కోటి మీటరున్నర అనుకుంటే పూర్తి లోడు మీద నష్టం 0.22 వోల్టు. అదే 16 చదరపు మిల్లీమీటర్లదైతే దాదాపు అర వోల్టు పోతుంది, పైగా ఎగ్జాస్ట్ వేడిలో కేబుల్ మీది ప్లాస్టిక్ తొడుగు కరిగే ప్రమాదం. బ్రాకెట్ ద్వారా ఎర్త్ వస్తుందిలే అని వదిలేయడం తప్పు. సైనిక బండ్ల మీద రంగు మందం, కరెంటుకు దారి ఇరుకు. ప్లస్ కేబుల్‌లో బ్యాటరీ చివర 175 ఆంపియర్ల బోల్ట్ ఫ్యూజ్ పెట్టండి. షార్ట్ అయితే కేబుల్‌లోకి దూకేది బ్యాటరీ కరెంటు కాబట్టి ఫ్యూజ్ ఉండాల్సింది ఆ చివరే. లగ్‌లను షట్కోణ క్రింపర్‌తో నొక్కి, జిగురున్న హీట్‌ష్రింక్ వేయండి. సుత్తితో నలగ్గొట్టిన లగ్ ఆరు నెలలకు వేడెక్కడం మొదలుపెడుతుంది.

బెల్ట్ విషయానికొస్తే, 140 ఆంపియర్లు 14.2 వోల్టుల దగ్గర 2 కిలోవాట్లు. ఆల్టర్నేటర్ సామర్థ్యం 55 శాతం అనుకుంటే ఇంజను నుంచి లాగేది దాదాపు 5 హార్స్‌పవర్. 100 ఆంపియర్లకు మూడున్నర సరిపోయేది. అరిగి నున్నగా మెరుస్తున్న పాత బెల్ట్ ఈ తేడా మోయదు. జంట బెల్టులైతే రెండూ ఒకేసారి, జతగా వచ్చినవే మార్చండి. ఒకటి కొత్తది ఒకటి పాతది పెడితే బరువంతా బిగువున్నదే మోసి అదే ముందు తెగుతుంది. పొడవాటి స్కేలు పెట్టి పుల్లీలు ఒకే వరసలో ఉన్నాయో లేదో చూడండి. 300 మిల్లీమీటర్ల దూరానికి 2.5 కన్నా ఎక్కువ తేడా ఉంటే షిమ్ (పల్చటి) వాషర్లతో సరిచేయండి. అదే 300 దూరం మధ్యలో బెల్ట్‌ను నొక్కితే 5 మిల్లీమీటర్లు దిగాలి. ఇరవై నిమిషాలు నడిపి, ఇంజను ఆపి, మళ్లీ బిగించండి. కొత్త బెల్ట్ మొదటి సాగుడు అప్పటికి తీరుతుంది.

స్టార్ట్ చేశాక

బ్యాటరీ ఆఖరి మైనస్ తగిలించేటప్పుడు చిన్న మెరుపు సహజం. పెద్ద మెరుపు, ఠప్పుమన్న చప్పుడు వస్తే వెంటనే తీసేసి జెన్ 2 మైనస్‌ను మళ్లీ పరీక్షించండి. స్టార్ట్ అయ్యాక మొదట రాసుకున్న మూడు కొలతలు మళ్లీ తీయండి. మీటరును ఏసీకి మార్చి బ్యాటరీ పోస్టుల మీద చూస్తే అర వోల్టు కన్నా ఎక్కువ రాకూడదు, వస్తే ఒక డయోడ్ పోయినట్టు. ఆల్టర్నేటర్ పనిచేస్తోందా అని చూడటానికి ఇంజను నడుస్తుండగా బ్యాటరీ వైరు పీకే పాత పద్ధతి మాత్రం వద్దు. ఆ క్షణంలో వోల్టేజి పదుల వోల్టులు ఎగిరి రెగ్యులేటర్‌ను, రేడియోను కలిపి కాల్చేస్తుంది.

జెన్ 1 లైటు ఆరకపోతే ముందు ఎల్, ఎస్ తీగలు తారుమారయ్యాయేమో చూడండి. యాక్సిలరేటర్ నొక్కినప్పుడే ఆరుతుంటే బల్బు సర్క్యూట్‌లో కరెంటు చాలడం లేదు. వోల్టేజి 15 దాటి పోతుంటే ఎస్ తీగ దారిలో ఎక్కడో చెడు కనెక్షన్ ఉంది, రెగ్యులేటర్ తక్కువ చూసి ఎక్కువ తోస్తోంది. లోడు వేయగానే కీచుమంటే బెల్ట్. చప్పుడు లేకుండా వోల్టేజి మెల్లగా దిగుతూ పోతే ఆల్టర్నేటర్ వేడెక్కుతోంది, ఎగ్జాస్ట్ పైపు వైపు రేకు అడ్డం పెట్టండి. జెన్ 2 లైటు వెలిగితే మాత్రం ఆ ప్లగ్‌లోని 1వ తీగకు సొంతంగా 12 వోల్టులు ఇచ్చి చూడకండి. జెన్ 2 మైనస్ 12 మీదే కూర్చుని ఉంది కాబట్టి దాని దృష్టిలో ఆ తీగ మీద ఉన్నది సున్నా. ఆ లైటు సర్క్యూట్ రిలే ద్వారా వెళ్తుంది, వెతకడం ఆ రిలే దగ్గర మొదలుపెట్టండి.