షుగర్ ఉన్నవాళ్లు మడగాస్కర్ రుమజావ ఎలా వండుకోవాలి?

మడగాస్కర్‌లో అన్నాన్ని 'వారి' అంటారు. వినడానికి మన వరిలాగే ఉంటుంది. భోజనం చేయడాన్ని కూడా 'అన్నం తినడం' అనే అంటారు, అచ్చం మనలాగే. అన్నంలోకి కలుపుకునేది ఏదైనా 'లౌక', అంటే ఆధరువు. రుమజావ అలాంటి లౌకే: మూపురమున్న పశువుల మాంసం, బోలెడు ఆకుకూరలు, పలచటి పులుసు. షుగర్ ఉన్నవాళ్లకు చిక్కు ఈ కూరతో కాదు, పక్కన గుట్టగా వడ్డించే అన్నంతో. అందుకే రుచి జోలికి పెద్దగా పోకండి, వడ్డన మార్చండి.

నలుగురికి అరకిలో మాంసం తీసుకోండి. మటనైనా ఫరవాలేదు. కనిపించిన కొవ్వంతా తీసేయండి. రెండు చెంచాల నూనెలో ముక్కలు ఎర్రబడేదాకా వేయించి, రెండు ఉల్లిపాయలు, అల్లం, వెల్లుల్లి, మూడు టమాటాలు వేసి మగ్గనివ్వండి. లీటరున్నర నీళ్లు పోసి, ముక్క మెత్తబడేదాకా సన్నని సెగ మీద ఉడికించండి. చిక్కదనం కోసం పిండి కలపొద్దు. రుచి కోసం సూప్ క్యూబులూ వద్దు, వాటిలో ఉప్పు ఎక్కువ.

వీలైతే ఇంతవరకు ముందురోజే చేసి ఫ్రిజ్‌లో పెట్టండి. పొద్దున చూస్తే కొవ్వు పైన తెల్లటి పొరలా గడ్డకట్టి ఉంటుంది. గరిటెతో ఎత్తి పారేయడమే.

మళ్లీ మరిగించి ముప్పావుకిలో ఆకుకూరలు వేయండి. అక్కడ అనమలాహు అనే ఆకు తప్పనిసరి. దాని పసుపు మొగ్గ కొరికితే నాలుక జివ్వుమని తిమ్మిరెక్కుతుంది. ఆ జివ్వుమనడమే రుమజావకు ప్రాణం, కానీ మన దగ్గర అది దొరకడం కష్టం. ఆవాకు, తోటకూర కలిపి వేస్తే ఆ ఘాటు రాకపోయినా కూర బాగుంటుంది. పది నిమిషాలు చాలు, ఆకు పచ్చగానే ఉండాలి.

ఇక వడ్డన. సగం కంచం ఆకుకూర, పావు వంతు మాంసం, మిగతా పావులోనే అన్నం. ముందు కూర, మాంసం తిని అన్నం చివర్లో తినండి. అలా తింటే షుగర్ ఒక్కసారిగా పెరగడం తగ్గుతుంది. అంటే ఇక్కడ అన్నమే ఆధరువు!

ఒక్క మాట మాత్రం మరవొద్దు. ఇన్సులిన్ గానీ, షుగర్ పడిపోయేలా చేసే మాత్రలు గానీ వాడేవాళ్లు డాక్టర్‌కు చెప్పకుండా అన్నం ఒక్కసారిగా తగ్గించకూడదు. కిడ్నీ సమస్య ఉన్నా, రక్తం పలచబడే మందులు వాడుతున్నా ఇన్ని ఆకుకూరలు తినే ముందు అడగాలి. మొదటిసారి తిన్న రెండు గంటలకు షుగర్ చూసుకుని, ఎంత అన్నం తిన్నారో పక్కనే రాసుకోండి. రెండోసారి ఎంత పెట్టుకోవాలో ఆ అంకే చెబుతుంది.