బ్రైట్‌నెస్, కాంట్రాస్ట్ కోడ్‌లో తప్పు ఎక్కడుంది? సమస్య - పరిష్కారం

బ్రైట్‌నెస్ పెంచడమంటే ప్రతి పిక్సెల్ విలువకు ఒక సంఖ్యను కలపడం. కాంట్రాస్ట్ పెంచడమంటే ఆ విలువను ఒక గుణకంతో హెచ్చించడం. సూత్రం ఇంత చిన్నది కాబట్టి, చిత్రం చెడిపోయినప్పుడు చాలామంది ఆ రెండు సంఖ్యలనే మళ్లీ మళ్లీ మారుస్తూ ఉంటారు. నేను చూసినంతవరకు తప్పు ఎక్కువగా డేటా టైప్‌లోనో (సంఖ్యను దాచే రకం), లెక్క చేసిన వరుసలోనో ఉంటుంది. కింది ఉదాహరణలు పైథాన్‌లో నంపై (సంఖ్యల పట్టికలతో లెక్కలు చేసే లైబ్రరీ), ఓపెన్‌సీవీ (చిత్రాలపై పనిచేసే లైబ్రరీ) వాడేవారికి ఉద్దేశించినవి.

సమస్య: బ్రైట్‌నెస్ పెంచితే ఆకాశంలో నల్లటి మచ్చలు వస్తున్నాయి.

8 బిట్ల పిక్సెల్‌లో 0 నుంచి 255 వరకే పడుతుంది. నంపైలో 200 విలువకు 100 కలిపితే రావలసిన 300 ఆ చోటులో ఇమడదు. అందులోంచి 256 పోగా మిగిలిన 44 మాత్రమే నిలుస్తుంది. అందుకే బాగా వెలుగున్న చోటే చీకటి పడుతుంది. ముందుగా చిత్రాన్ని ఫ్లోట్‌లోకి (దశాంశ సంఖ్యల రకం) మార్చి, లెక్క చేసి, ఫలితాన్ని 0, 255 మధ్య క్లిప్ చేసి (హద్దు దాటిన విలువను హద్దు వద్దే ఆపి), ఆ తరువాతే 8 బిట్లకు తీసుకురావాలి. చివరి రెండు పనులూ తారుమారైతే క్లిప్ చేసినా ప్రయోజనం ఉండదు, ఎందుకంటే అప్పటికే విలువలు చుట్టు తిరిగిపోయి ఉంటాయి. ఓపెన్‌సీవీలోని యాడ్ ఫంక్షన్ తనంతట తానే 255 వద్ద ఆగుతుంది. అయితే రంగుల చిత్రానికి ఒక్క సంఖ్యనే ఇస్తే అది మొదటి ఛానెల్ (రంగు పొర) అయిన నీలానికి మాత్రమే కలిసి చిత్రం నీలంగా మారవచ్చు. కాబట్టి మూడు ఛానెళ్లకూ విడివిడిగా విలువలు ఇవ్వడం మంచిది.

సమస్య: బ్రైట్‌నెస్ తగ్గిస్తే నీడలు తెల్లబడుతున్నాయి.

ఓపెన్‌సీవీలోని కన్వర్ట్‌స్కేల్‌ఆబ్స్ ఫంక్షన్ వాడారేమో చూడండి. అది రుణ సంఖ్యను సున్నా చేయదు, దాని గుర్తు తీసేస్తుంది. 80 తగ్గించినప్పుడు 70 ఉన్న పిక్సెల్ 10 అవుతుంది, కానీ అంతకన్నా చీకటిగా 20 వద్ద ఉన్నది 60 అయి కూర్చుంటుంది. ఇక్కడ కూడా పైన చెప్పిన ఫ్లోట్, క్లిప్ పద్ధతే పాటించాలి.

సమస్య: కాంట్రాస్ట్ పెంచితే చిత్రమంతా వెలిసినట్టు తెల్లగా అవుతోంది.

నేరుగా హెచ్చించినప్పుడు సున్నా తప్ప ప్రతి విలువా పైకే జరుగుతుంది, 1.5 గుణకంతో 128 కాస్తా 192 అవుతుంది. కాంట్రాస్ట్ అంటే వెలుగు, చీకటి ఒకదానికొకటి దూరం జరగడం కాబట్టి, ముందు నడిమి విలువ అయిన 128 తీసివేసి, హెచ్చించి, తిరిగి 128 కలపాలి. అప్పుడు 128 కదలదు, 100 కాస్తా 86కు దిగుతుంది, 160 కాస్తా 176కు ఎక్కుతుంది. చిత్రం మొత్తంగా చీకటిగా ఉంటే 128కి బదులు ఆ చిత్రపు సగటు విలువను తీసుకోవడం నాకు సరైనదనిపిస్తుంది.

సమస్య: స్లైడర్‌ను వెనక్కి జరిపినా పాత చిత్రం తిరిగి రావడం లేదు.

255 వద్ద కోసుకుపోయిన వివరం మళ్లీ రాదు. మూల చిత్రాన్ని ముట్టుకోకుండా ఉంచి, ప్రతిసారీ దాని నుంచే లెక్కించాలి.

సమస్య: చిత్రాన్ని తెరపై చూపే ఓపెన్‌సీవీ ఫంక్షన్ ఇమ్‌షో విండో పూర్తిగా తెల్లగా కనిపిస్తోంది.

ఫ్లోట్ చిత్రాన్ని ఆ ఫంక్షన్ 0 నుంచి 1 వరకు ఉన్నట్టు భావిస్తుంది. 8 బిట్లకు మార్చి చూపాలి, లేదా 255తో భాగించాలి.

సమస్య: చీకట్లో తీసిన ముఖం కనబడేలా వెలుగు పెంచితే నలుపంతా బూడిద రంగుకు తిరుగుతోంది.

ఇది కోడ్‌లోని తప్పు కాదు, ఎంచుకున్న సాధనం తప్పు. కూడిక నీడలనూ వెలుగులనూ ఒకే కొలతలో ఎత్తుతుంది. ఇక్కడ కావలసింది గామా: విలువను 255తో భాగించి, గామా ఘాతానికి ఎత్తి, తిరిగి 255తో హెచ్చించాలి. గామా 0.5 అయితే 64 విలువ 128 అవుతుంది, కానీ 0, 255 ఉన్నచోటనే ఉంటాయి. నలుపు నలుపుగానే మిగులుతుంది. ప్రతి పిక్సెల్‌కూ ఘాతం లెక్కించనక్కరలేదు. సాధ్యమయ్యే విలువలు 256 మాత్రమే కాబట్టి వాటికి ఒక పట్టిక ముందే తయారుచేసి ఓపెన్‌సీవీలోని ఎల్‌యూటీ ఫంక్షన్‌కు అందిస్తే, వీడియో ఫ్రేములకు కూడా వేగం సరిపోతుంది.