సీడీకే1 తాళం తెరుచుకునే గంటను పట్టుకోవడం

విభజనకు ముందుండే జీ2 దశలో సైక్లిన్ బీ1 అనే ప్రోటీన్ పోగవుతూ, కణ విభజనను నడిపే సీడీకే1 ఎంజైమ్‌తో జతకడుతుంది. అయినా విభజన మొదలవదు. వీ1 కైనేజ్ సీడీకే1లో 15వ స్థానంలో ఉన్న టైరోసిన్ అనే అమైనో ఆమ్లానికి ఫాస్ఫేట్ తగిలించి తాళం వేసి ఉంచుతుంది. సీడీసీ25 అనే ఎంజైమ్ ఆ ఫాస్ఫేట్‌ను తీసేస్తేనే కణం మైటోసిస్‌లోకి, అంటే విభజనలోకి అడుగుపెడుతుంది. ప్రోటీన్లను బ్యాండ్లుగా చూపే వెస్టర్న్ బ్లాట్‌లో చూడాల్సింది ఈ మార్పునే.

దీనికి హీలా కణాలన్నీ (ల్యాబ్‌లో పెంచే మానవ క్యాన్సర్ కణాలు) ఒకే దశలో ఉండాలి. అందుకు థైమిడిన్‌ను రెండుసార్లు వేసి కణాలను ఒకేచోట ఆపే డబుల్ థైమిడిన్ బ్లాక్ వాడతాం. దాని సమయాలను బెంగళూరు ట్రాఫిక్‌ను చూసి పెట్టుకోండి, లేకపోతే అర్ధరాత్రి ల్యాబ్‌కు మళ్లీ రావాలి. 10 సెంటీమీటర్ల డిష్‌లో కణాలు 30–40 శాతం నిండాక, సాయంత్రం 4కు థైమిడిన్ 2 మిల్లీమోలార్ వేయండి (10 మి.లీ. మీడియంలో 100 మిల్లీమోలార్ స్టాక్ 200 మైక్రోలీటర్లు). మర్నాడు ఉదయం 10కి వెచ్చని పీబీఎస్‌తో (ఉప్పు బఫర్) మూడుసార్లు కడిగి కొత్త మీడియం పోయండి. రాత్రి 7కు మళ్లీ థైమిడిన్. మూడో రోజు ఉదయం 10కి ఆఖరి కడుగు. ఇక ఆ కడుగు నుంచి లెక్కపెట్టి 0, 4, 6, 8, 9, 10, 12 గంటలకు ఒక్కో డిష్ తీయాలి. మైటోసిస్ సాధారణంగా 8–10 గంటల మధ్య, అంటే సాయంత్రం 6–8కి వస్తుంది.

ఎక్కువమంది దెబ్బతినేది డిష్ తీసేటప్పుడే. మైటోసిస్‌లోని కణాలు గుండ్రంగా మారి ఊడిపోతాయి. మీడియం పారబోస్తే మీకు కావలసిన కణాలే సింక్‌లోకి పోతాయి. ఆ మీడియంను సెంట్రిఫ్యూజ్ చేసి, వచ్చిన పెల్లెట్‌ను మిగతా కణాలతో కలపండి.

కణాలను పగలగొట్టే లైసిస్ బఫర్ ఐస్ మీదే ఉండాలి. అందులో, ఫాస్ఫేట్లు ఊడిపోకుండా, సోడియం ఫ్లోరైడ్ 10, బీటా గ్లిసరోఫాస్ఫేట్ 20, ఆర్థోవనడేట్ 1 మిల్లీమోలార్ చొప్పున. వనడేట్‌ను పీహెచ్ 10 దగ్గర, పసుపు రంగు పోయేదాకా మరిగించి వాడాలి. ఈడీటీఏ, డీటీటీ దాన్ని పనిచేయనివ్వవు కాబట్టి బఫర్‌లో అవి వద్దు. శాంపిళ్లను 95 డిగ్రీల దగ్గర 5 నిమిషాలు ఉడికిస్తే చాలు. దాదాపు 900 మీటర్ల ఎత్తునున్న ఈ ఊళ్లో నీళ్లు 97 దగ్గరే మరుగుతాయి, థర్మామీటర్ నూరు చూపలేదని కంగారు వద్దు.

యాంటీబాడీ బ్లాట్ మీద ఎక్కడపడితే అక్కడ అంటకుండా చేసే బ్లాకింగ్‌కు పాలపొడి బదులు 5 శాతం బీఎస్‌ఏ (ఆవు సీరం ప్రోటీన్) వాడండి. పాలలోని కేసీన్‌కే ఫాస్ఫేట్లు ఉండటంతో బ్యాక్‌గ్రౌండ్ పెరగొచ్చు. ఫాస్ఫో టైరోసిన్ 15, మొత్తం సీడీకే1 (34 కిలోడాల్టన్లు), సైక్లిన్ బీ1 మూడూ చూడాలి. సైక్లిన్ బీ1 గట్టిగా ఉండగానే టైరోసిన్ 15 బ్యాండ్ పడిపోతే తాళం తెరుచుకున్నట్టు. కాసేపటికి సైక్లిన్ కూడా మాయమైతే కణం మైటోసిస్ దాటేసింది. హిస్టోన్ హెచ్3లో సెరిన్ 10 మీది ఫాస్ఫేట్ మైటోసిస్‌కు మంచి గుర్తే కానీ అది ఆరోరా బీ అనే మరో కైనేజ్ చేసే పని, దాన్ని సీడీకే1 కొలతగా రాయకండి. పాజిటివ్ కంట్రోల్‌గా, కణాలను మైటోసిస్‌లో ఆపే నోకోడజోల్ (మి.లీ.కి 100 నానోగ్రాములు) రాత్రంతా ఉంచి, డిష్‌ను తట్టి రాల్చిన కణాలు వాడొచ్చు.

10వ గంటకూ టైరోసిన్ 15 తగ్గకపోతే ముందు కడుగును అనుమానించండి. ఆఖరి కడుగు తర్వాత పోసే మీడియంలో 24 మైక్రోమోలార్ డీఆక్సీసిటిడిన్ కలిపితే బ్లాక్ త్వరగా వదులుతుంది. అప్పటికీ మారకపోతే డీఎన్‌ఏ దెబ్బకు గుర్తైన గామా హెచ్2ఏఎక్స్ చూడండి. డీఎన్‌ఏ దెబ్బతింటే సీహెచ్‌కే1 అనే కైనేజ్ సీడీసీ25ను ఆపేస్తుంది, కణం జీ2లోనే నిలిచిపోతుంది.