స్ట్రోక్ రేటు పెంచినా పడవ కదలకపోతే: రోయింగ్ స్ప్రింట్‌లో నా అనుభవం

హుస్సేన్ సాగర్‌లో మా నలుగురి పడవకి స్ట్రోక్ సీట్ (మిగతావాళ్లు అనుసరించే లయ ఇచ్చే సీటు) నాది. 2000 మీటర్ల రేసులో 1750 దాకా బాగానే వచ్చేవాళ్లం. అక్కడ చివరి స్ప్రింట్ కోసం రేటుని నిమిషానికి 34 స్ట్రోకుల నుంచి 38కి పెంచితే ఆయాసం పెరిగేది తప్ప స్పీడు పెరిగేది కాదు.

ఒడ్డు మీంచి వీడియో తీయించాక కారణం దొరికింది. మనం స్లైడు (సీటు ముందుకీ వెనక్కీ జరిగే పట్టాలు) మీద పడవ వెనక భాగం వైపు జరుగుతున్నప్పుడే పడవ అన్నిటికంటే వేగంగా పోతుంది. టెన్షన్‌లో మేం విసురుగా జరిగి ఫుట్ స్ట్రెచర్‌ని (పాదాలు ఆనించే పలకని) గట్టిగా తన్ని ఆగుతున్నాం. ఆ వేగమంతా అక్కడే పోతోంది. పైగా తెడ్డు పూర్తిగా మునగకముందే కాళ్లు చాపేస్తున్నాం, అందుకే స్ట్రోకు పొట్టిదైపోతోంది.

పాజ్ డ్రిల్ మొదలుపెట్టాం. చేతులు మోకాళ్లు దాటాక ఒక్క క్షణం ఆగి, తర్వాత నలుగురం కలిసి జరగడం. చాలా విసుగ్గా ఉంటుంది, కానీ మాకు బాగా పనిచేసింది ఇదే. తెడ్డు మునిగాకే కాళ్లు నొక్కడం, లాగడం అయ్యాక చేతులు చకచకా బయటికి పంపడం. రేటు అక్కడ పెరగాలి, స్లైడు మీద కాదు.

నీటి నిరోధం వల్ల వేగం 5 శాతం పెరగాలంటే శక్తి దాదాపు 16 శాతం కావాలి. అందుకే ఇప్పుడు స్ప్రింట్‌లో రేటు ముందు 36, పది స్ట్రోకుల తర్వాత 38. ఎదురుగాలి ఉంటే 36తోనే ముగిస్తాం.